‘అందరికీ మనవి’ అంటే మీకే

ప్రశ్న: అక్కా, మేం నిషి కసాయ్‌లో కొత్తగా దిగి నాలుగు నెలలైంది. పోయిన వారం మా చెత్త సంచి మీద స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేసి వెళ్లారు. అదే వారం లిఫ్ట్ పక్కన ‘రాత్రిపూట శబ్దాల విషయంలో అందరూ దయచేసి జాగ్రత్తగా ఉండండి’ అని నోటీసు పెట్టారు. నేను ఆఫీసు నుంచి వచ్చి పదింటికి ఇడ్లీ పిండి రుబ్బుతాను. అది మా గురించేనా? పక్కింటావిడ మాత్రం ఎదురైతే నవ్వుతూనే పలకరిస్తుంది. చాలా టెన్షన్‌గా ఉంది. – ఎస్., టోక్యో

జవాబు: మీ గురించే. పైన ‘మినాసామా’ అని ఉండి ఉంటుంది, అంటే అందరూ అని అర్థం, కానీ ఆ అందరిలో రాత్రి పదింటికి మిక్సీ వేసేది మీరొక్కరే కదా! పక్కింటావిడ నవ్వు దొంగ నవ్వేమీ కాదు. ఇక్కడ ముఖం మీద అనడం పెద్ద మొరటుతనం, అందుకే ఆవిడ మేనేజ్‌మెంట్ కంపెనీకి చెబుతుంది, వాళ్లు ఎవరి పేరూ రాయకుండా కాగితం అంటిస్తారు. మన వైపు పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అంటే ఏమని అర్థం చేసుకుంటాం? ఇదీ అలాంటిదే. మీరేదైనా అడిగినప్పుడు ఎదుటివాళ్లు ‘చొత్తో...’ అని మాట మింగేస్తే, ఆ మాటకి ‘కొంచెం’ అనే అర్థం ఉన్నా, జవాబు మాత్రం కాదనే.

పిండి శనివారం పగలు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, ఎందుకంటే చాలా అపార్ట్‌మెంట్లలో శబ్దం కన్నా అదురు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మన ఊరి మిక్సీ ఇక్కడి 100 వోల్టులకి మూలుగుతూ రెట్టింపు సేపు తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ అయినా పెట్టుకోండి, లేదా 100 వోల్టులకి నడిచేది కొనేసుకోండి. వాషింగ్ మెషీన్ కూడా రాత్రి వద్దు. ఆ తర్వాత వీలైతే ఒక బిస్కెట్ల పెట్టె తీసుకెళ్లి ‘మా వల్ల ఇబ్బంది అయినట్టుంది’ అని ఒక్క మాట అనండి. వెయ్యి యెన్‌ల లోపుది చాలు. దయచేసి ఇంట్లో చేసిన సున్నుండలు పట్టుకెళ్లొద్దు. ముఖపరిచయం లేనివాళ్ల చేతి వంట తినడానికి చాలామంది వెనకాడతారు, వద్దనలేక పుచ్చుకుని ఇబ్బంది పడతారు.

ఇక చెత్త. ఆ స్టిక్కర్‌లో కారణం కూడా రాసే ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసి అనువాదం చూసుకోండి. సాధారణంగా రోజు తప్పడమో, రకం తప్పడమో అయి ఉంటుంది. ప్లాస్టిక్ సీసాకి మూత తీయాలి, లేబుల్ ఒలవాలి, కడగాలి, నలపాలి. వాడిన నూనె సింకులో పోయొద్దు, గట్టిపరిచే పొడి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, లేదంటే పాత పేపర్లకి పీల్పించి కాలే చెత్తలో వేయండి. సంచి ముందు రోజు రాత్రే పెట్టేస్తే తెల్లారేసరికి కాకులు విందు చేసుకుంటాయి, అందుకే పొద్దున్నే పెట్టి పైన వల సరిగ్గా కప్పాలి. టోక్యో నగర వార్డుల్లో 30 సెంటీమీటర్లు దాటిన వస్తువు ‘సొదాయ్ గొమి’, అంటే పెద్ద చెత్త అవుతుంది, ముందు బుక్ చేసి, కన్వీనియన్స్ స్టోర్‌లో స్టిక్కర్ కొని అంటించాలి. టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ లాంటివి దానిలో కూడా తీసుకోరు, వాటికి విడిగా రీసైక్లింగ్ చట్టం ఉంది. నేను వచ్చిన ఏడాది పాత మైక్రోవేవ్ ఒకటి చీకట్లో తీసుకెళ్లి పెట్టేసి వచ్చాను. అది రెండు వారాలు స్టిక్కర్‌తో అక్కడే కూర్చుంది, నేను రోజూ తల అటు తిప్పుకుని ఆఫీసుకి వెళ్లాను. అదెవరిదో బిల్డింగ్ మొత్తానికి తెలుసని తర్వాత అర్థమైంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం. మేమిద్దరం 90 రోజుల వీసా మీద వెళ్తున్నాం. బీపీ, షుగర్ మాత్రలు మూడు నెలలకి సరిపడా తీసుకెళ్లొచ్చా? మేం శుద్ధ శాకాహారులం, బయట ఏమి తినాలి? వాడికి బంగినపల్లి పళ్లు కూడా పట్టుకెళ్దామని మా ఆవిడ పట్టు. – విజయవాడ పాఠకుడు

జవాబు: బాబాయి గారూ, ముందు మాత్రల సంగతి. డాక్టరు రాసిన మందులు ఒక నెలకి సరిపడా అయితే ఏ అనుమతీ అక్కర్లేదు. నెల దాటితే ‘యున్యూ కకునిన్ షో’ అనే దిగుమతి ధ్రువీకరణ కాగితం బయల్దేరకముందే తెచ్చుకోవాలి, ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు, మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. ప్రిస్క్రిప్షన్ దగ్గర ఉంచుకోండి. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు ఇంటి దగ్గరే వదిలేయండి, వాటి మీద నిబంధనలు చాలా గట్టివి. మీ అబ్బాయికి ఇక్కడి ఆరోగ్య బీమా ఉంటుంది కాబట్టి ఆసుపత్రి బిల్లులో 30 శాతం కడితే సరిపోతుంది, ఆ బీమా మీకు వర్తించదు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా చేయించుకోండి.

తిండి దగ్గరే అసలు చిక్కు. ‘మాంసం వద్దు’ అంటే మాంసం ముక్కలు తీసేసి తెచ్చిపెడతారు, పాపం వాళ్ల లెక్కలో అది మర్యాదే. కానీ మిసో సూప్, ఉడోన్ పులుసు, చివరికి ఉడికించిన కూరగాయల్లో కూడా ‘దషి’ ఉంటుంది, అది ఎక్కువగా ఎండబెట్టిన కత్సుఒ చేపతో కాచిన రసం. కాబట్టి ‘సకన నొ దషి మొ దమె దెసు’, అంటే చేపల రసం కూడా వద్దు అని కాగితం మీద జపనీస్‌లో రాయించుకుని చూపించండి. ఒక్కసారైనా కోయాసాన్ వెళ్లండి. కూకాయ్ అనే బౌద్ధ స్వామి 816లో మొదలుపెట్టిన కొండ మీది ఆశ్రమాల ఊరు, ఒసాకాలోని నంబా నుంచి రైల్లో, ఆపైన కేబుల్ కారులో చేరుకోవచ్చు. అక్కడి గుళ్లలో రాత్రి బస చేస్తే ‘షోజిన్ ర్యోరి’ అనే బౌద్ధ సన్యాసుల భోజనం పెడతారు. మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. మీ ఆవిడకి మన మఠాల భోజనం గుర్తొస్తుంది.

పళ్లు మాత్రం వద్దండీ. 2006లో జపాన్ మన మామిడికి అనుమతి ఇచ్చినప్పుడు ఆ ఆరు రకాల్లో బంగినపల్లి కూడా ఉంది, నిజమే, కానీ అవి ఆవిరి వేడితో శుద్ధి చేసి సర్టిఫికెట్‌తో వచ్చే పళ్లు. పెట్టెలో సర్దుకొచ్చినవి విమానాశ్రయంలోనే పోతాయి. పచ్చి కరివేపాకుకీ అదే గతి.

ప్రశ్న: జపాన్‌లో ఇజకాయాలో, అంటే మందుతో పాటు చిరుతిళ్లు పెట్టే హోటల్లో, మేం అడగని చిన్న గిన్నె ఏదో ముందు పెట్టి బిల్లులో వేశారు. ఇది మోసం కాదా? – పర్యటన నుంచి తిరిగొచ్చిన ఒకరు, హైదరాబాద్

జవాబు: కాదు. దాన్ని ‘ఒతోషి’ అంటారు, కూర్చున్నందుకు తీసుకునే రుసుము లాంటిది, తలకి మూడు నాలుగు వందల యెన్‌లు సర్వసాధారణం. అక్కడ టిప్ ఇవ్వక్కర్లేదు కదా, లెక్క అలా సరిపోయిందనుకోండి. ఈసారి మాంసాహారం తిననివాళ్లని తీసుకెళ్తే ఆ గిన్నెలో ఏముందో అడిగాకే ముట్టుకోమనండి, చిన్న చేపలు ఉండటం మామూలే.