డ్రమ్మర్ వెళ్లిపోతున్నాడు, నేనేం చేయాలి?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నలుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం. సొంతంగా ఆరు పాటలు చేశాం. హైదరాబాద్‌లో ఇప్పుడిప్పుడే పేరు వస్తోంది. ఇంతలో డ్రమ్మర్ ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తానంటున్నాడు. ఎనిమిదో తరగతి నుంచి నా ప్రాణ స్నేహితుడు. పైగా రికార్డింగ్‌కు పెట్టిన 40 వేలు తిరిగి అడిగాడు. కోపంతో గ్రూపులోంచి తీసేశాను, వీడియోల కింద పేరు కూడా తొలగించాను. డ్రమ్స్ వాయించడం తప్ప పాటల్లో అతని చెయ్యేమీ లేదు. నిద్ర పట్టడం లేదు. బ్యాండ్‌ను ఎలా నిలబెట్టుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఎమ్మెస్ దగ్గర కాదు, పేరు తొలగించానన్న చోట. అతనింకా విమానం ఎక్కలేదు. మీరు మాత్రం అప్పుడే సాగనంపేశారు.

మీరు రాక్ వాయిస్తారు కాబట్టి ఆర్.ఇ.ఎం. గురించి వినే ఉంటారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్లో 1980లో మొదలైన నలుగురి బ్యాండ్. ఆ ఏప్రిల్ 5న ఒక పాత చర్చి భవనంలో స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో మొదటిసారి వాయించారు. తర్వాత చదువులు గాలికొదిలేశారు (ఈ వాక్యం మీ నాన్నగారికి చూపించకండి). వ్యానులో ఊరూరా తిరిగారు. 1983లో మొదటి ఆల్బమ్ తెచ్చారు, 1991 నాటికి ప్రపంచమంతా వాళ్ల పాటలు విన్నది. పాట ఎవరి బుర్రలో పుట్టినా రచయితలుగా నలుగురి పేర్లూ వేసుకోవడం వాళ్ల పద్ధతి. ‘ఎవ్రీబడీ హర్ట్స్’ చాలావరకు ఎవరు కట్టారనుకున్నారు? డ్రమ్మర్ బిల్ బెర్రీ. మీ చివరి వాక్యాల్లో ఒకటి ఇక్కడ మరోసారి చదువుకోండి.

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో వేదిక మీదే బెర్రీకి మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషన్ చేయించుకుని, కోలుకుని మళ్లీ వాయించాడు. కానీ 1997లో ఇక చాలు, పొలం చూసుకుంటానన్నాడు. తను వెళ్తే బ్యాండ్ ఆగిపోతుందంటే మాత్రం వెళ్లనన్నాడు. మిగతా ముగ్గురూ వెళ్లమన్నారు. తర్వాత వాళ్లేమీ సుఖపడలేదు, మరుసటి ఆల్బమ్ చేస్తూ విడిపోయేదాకా వచ్చారు. అయినా 2011 సెప్టెంబర్ దాకా నడిపి, గొడవలేవీ లేకుండా ఆపేశారు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో ఒక సన్మాన సభలో బెర్రీతో సహా నలుగురూ కలిసి ఒక పాట వాయించారు.

వాళ్లకు లాయర్ ఉన్నాడు, మీకు వాట్సాప్ గ్రూపు ఉంది. ఆ తేడా నాకు తెలుసు. అందుకే ముందు ఈ రాత్రే వీడియోల కింద అతని పేరు తిరిగి పెట్టండి. అది మీరు అతనికి చేసే ఉపకారం కాదు, ఆ పాటల్లో అతను వాయించాడన్నది నిజం.

డబ్బు సంగతి వేరు. ఆ 40 వేలు అప్పుగా ఇచ్చాడా, తన వాటాగా పెట్టాడా? మీ ఉత్తరంలో లేదంటే బహుశా మీలో ఎవరూ ఆ మాట అనుకోలేదన్నమాట. అప్పయితే వాయిదాల్లో తీర్చండి. వాటా అయితే రికార్డింగ్‌కు ఖర్చైపోయింది, తిరిగి అడగడం న్యాయం కాదు. కానీ రేపు ఆ ఆరు పాటల మీద రూపాయి వస్తే అందులో అతనికి భాగం ఉంటుంది. నలుగురూ కూర్చుని కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని సిగ్గుపడి చెడిపోయిన బ్యాండ్లూ ఉన్నాయి, ఉమ్మడి వ్యాపారాలూ ఉన్నాయి.

కొత్త డ్రమ్మర్‌ను వెతుక్కోండి, తప్పేమీ లేదు. వెళ్లేలోపు ఇంకో రెండు పాటలు రికార్డు చేద్దామా అని ఇతన్నీ అడగండి. ఒప్పుకోకపోవచ్చు. రెండు వారాల తర్వాతా నిద్ర పట్టకపోతే డాక్టర్‌ను కలవండి, దాన్ని బ్యాండ్ ఖాతాలో వేయకండి.

ఒక్కటి మాత్రం మీరెక్కడా రాయలేదు: వెళ్లాలని ఎప్పుడు అనుకున్నాడో, మీకు చెప్పడానికి అన్నాళ్లు ఎందుకు భయపడ్డాడో. ఈ ప్రశ్న ఫోనులో అడిగేది కాదు. ఎనిమిదో తరగతి నుంచి తెలిసిన ఇల్లే కదా, ఆదివారం పొద్దున వెళ్లండి. వాళ్లమ్మగారు టిఫిన్ పెడితే కాదనకండి.