ఫైలు పేరులో తేదీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది రొయ్యల మేత డిపో. బిల్లులు, స్టాకు, రైతుల ఖాతాలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉన్నాయి. రాత్రి కొట్టు కట్టేసేముందు ఈ మూడు టేబుళ్లనూ ఆ రోజు తేదీతో టెక్స్ట్ ఫైళ్లుగా తీసే బ్యాచ్ ఫైలు (విండోస్ వరసగా నడిపే ఆదేశాల ఫైలు) రాసుకున్నాం. ఒక కంప్యూటర్లో బాగానే నడుస్తోంది, రెండోదాంట్లో పాత్ (ఫైలు ఉండే దారి) దొరకలేదంటోంది. (భీమవరం పాఠకుడు)

జవాబు: తప్పు టేబుళ్లది కాదు, తేదీది. బ్యాచ్ ఫైల్లో శాతం గుర్తుల మధ్య డేట్ అని రాస్తే, ఆ కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ ఎలా ఉంటే తేదీ అలా వస్తుంది. ఒకదాంట్లో 14-06-2025, ఇంకోదాంట్లో 06/14/2025. ఆ ఏటవాలు గీతను విండోస్ ఫోల్డరు అనుకుని వెతుకుతుంది. రీజియన్ మార్చి సరిపెట్టుకోకండి, రేపు ఎవరో మళ్లీ మారుస్తారు.

తేదీని విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ అనే ఆదేశాల సాధనంలోని గెట్-డేట్‌తో తెప్పించండి. ఫార్మాట్‌లో చిన్న వై నాలుగు, పెద్ద ఎం రెండు, చిన్న డి రెండు ఇస్తే 20250614 వస్తుంది. ఏడాది ముందుంది కాబట్టి ఫైళ్లు వాటంతటవే వరసలో ఉంటాయి. ఎం చిన్నది పడిందో, నెల బదులు నిమిషాలు వస్తాయి. జూన్‌లో సరిగ్గా 9:06కి పరీక్షించారంటే తప్పు కనపడనే కనపడదు!

ఆ తేదీని బ్యాచ్ ఫైలు మొదట్లో ఫర్ ఆదేశంతో ఒక్కసారే పట్టుకుని మూడు ఫైళ్లకూ అదే వాడండి. లేకపోతే అర్ధరాత్రి దాటిన టేబుల్‌కు మర్నాటి తేదీ పడుతుంది. బ్యాచ్ ఫైల్లో ఫర్ వేరియబుల్‌కు శాతం గుర్తు రెండు ఉండాలి, కమాండ్ విండోలో అయితే ఒకటే. ఆదేశం ఫలితాన్ని > గుర్తుతో ఫైల్లోకి మళ్లించడం మాత్రం బ్యాచ్‌లోనే జరగాలి. పవర్‌షెల్ 5.1లో మళ్లిస్తే ఫైలు యూటీఎఫ్-16 అనే అక్షరాల కోడ్‌లో పడుతుంది, తెలుగు పేర్లూ పాడవుతాయి. మైఎస్‌క్యూఎల్ ఆదేశంలో క్యారెక్టర్ సెట్ (అక్షరాల కోడ్) యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వండి.

అసలు ప్రమాదం ఇంకోటుంది. మళ్లింపు గుర్తు ముందు ఖాళీ ఫైలు సృష్టిస్తుంది, డేటా తర్వాతే వస్తుంది. సర్వర్ ఆగిపోయి ఉన్నా తేదీతో సున్నా బైట్ల ఫైలు తయారై కూర్చుంటుంది. అదే రోజు రెండోసారి నడిపితే మొదటిసారి తీసిన మంచి ఫైలు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ముందు తాత్కాలిక పేరుతో తీయండి. ఎర్రర్‌లెవెల్ (ఆదేశం సరిగ్గా నడిచిందో లేదో చెప్పే అంకె) సున్నా అయితేనే తేదీ పేరు పెట్టండి.

ప్రశ్న: ఇలా తీసిన ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పిచ్చి గీతల్లా కనిపిస్తోంది. (అమలాపురం పాఠకురాలు)

జవాబు: డబుల్ క్లిక్ చేయకండి. డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి అన్నది ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ 65001 (అంటే యూటీఎఫ్-8) పెట్టండి. డేటా టైపులు గుర్తించవద్దనే ఎంపిక కూడా నొక్కండి. లేదంటే సర్వే నంబరు 12/3 కాస్తా మార్చి 12 లాంటి తేదీ అయి కూర్చుంటుంది. అలా సేవ్ చేశాక ఆ ఫైల్లో పాత నంబరు తిరిగి రాదు.