ఒకటో తరగతి టీచరు పనికి ఇన్ని మార్కులు ఎందుకని అడిగిన ఇంటికి

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మామిడి తోట మీద బతికే కుటుంబం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఇంజినీరింగులో చేర్పించాలని మా ఆయన పట్టుదల. అమ్మాయేమో టీచరు శిక్షణకు ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాశాను, కార్వేటినగరంలోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల డైట్‌లో సీటు వస్తే చేరతాను, చిన్న పిల్లలకే చదువు చెబుతాను అంటోంది. 'అ ఆలు దిద్దించడానికి ఇన్ని మార్కులు ఎందుకు?' అని ఆయన రోజూ గొడవ. మీరేమంటారు మేడమ్? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీవారి ప్రశ్నకు నేను కోపం తెచ్చుకోను. తిరుపతిలో ఈ సలహాల పనిలోకి రాకముందు పదకొండేళ్లు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా పనిచేశాను. మొదటి ఏడాది నాకు ఒకటో తరగతి ఇచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. డిసెంబరు వచ్చేసరికి మా పిల్లలు తెలుగు వాచకం గడగడా అప్పజెప్పేవారు. ఒకరోజు పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, ఒక్కరూ చెప్పలేకపోయారు. పాఠం నోటికొచ్చింది గానీ చదవడం రాలేదు. ఆరు నెలల నా కష్టం అది!

అందుకే ఇంజినీరింగా, డైటా అన్నది ఇప్పుడే తేల్చకండి. బడులు తెరిచారు కదా. మీ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుల అనుమతి అడిగి, అమ్మాయిని ఒక వారం ఒకటో తరగతిలో వెనక కూర్చోమనండి. చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏం గమనించాలో నేను చెబుతాను.

సోమవారం పొద్దున టీచరు పుస్తకం తెరవకుండా 'నిన్న మీ ఇంట్లో ఏం జరిగింది?' అని అడిగితే కాలక్షేపం అనుకోవద్దు. ఈ మామిడి రోజుల్లో మన వైపు పిల్లవాడు చెప్పే కబురు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. 'మా నాన్న ట్రాక్టరులో కాయలు తీసుకుపోయాడు. రాత్రి ఇంటికి రాలేదు.' గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో ఆగిపోయి ఉంటాడు పాపం. ఆ మాటలను టీచరు ఉన్నవి ఉన్నట్టే బోర్డు మీద రాస్తుంది. 'కాయలు' ఎక్కడుందో వచ్చి చూపించమంటుంది. అందులో మొదటి అక్షరం 'కా' ఇంకే మాటల్లో వినిపిస్తుందని అడుగుతుంది. కాకి, కాలు, కారం అంటూ తరగతి అంతా అరుస్తుంది. తన నోటి నుంచి వచ్చిన మాటే బోర్డు మీద కనిపిస్తుంటే, రాత అంటే ఏమిటో ఆరేళ్ల పిల్లవాడికి మొదటిసారి అర్థమవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నాన్న కోసం ఎదురుచూస్తూ రాత్రంతా మేలుకున్న ఆ పిల్లవాడు మధ్యాహ్నం కునికితే ఎందుకో టీచరుకు ముందే తెలిసిపోతుంది.

నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు తెలుగు తరగతుల్లో ఉంటారు. 'పాట్టి వచ్చింది' అని ఒక పిల్ల అన్నప్పుడు, 'తప్పు, తెలుగులో చెప్పు' అని గదమాయిస్తే ఆ పిల్ల నెల రోజులు నోరు తెరవదు. 'ఓ, మీ అవ్వ వచ్చిందా? ఏం తెచ్చింది?' అంటే రెండు భాషలూ నిలుస్తాయి. అమ్మాయి దీన్ని తప్పకుండా రాసుకోవాలి.

అక్షరాలను అ నుంచి బండి ఱ వరకు వరుసగా దిద్దించుకుంటూ పోవడం పాత పద్ధతి. తల, వల, జడ, పడవ లాంటి తలకట్టు మాటలతో మొదలుపెడితే వారం తిరగకముందే పిల్లవాడు ఒక మాట సొంతంగా చదువుతాడు. గుణింతాలు ఆ తరువాత, ఒత్తులు ఇంకా తరువాత. వ, మ ఒకేలా కనిపిస్తాయి. ప, ష కూడా అంతే. ఏ పిల్ల ఏ జంట దగ్గర తడబడుతోందో టీచరు గుర్తుపెట్టుకోవాలి. ఒక్కో పిల్ల తడబాటు ఒక్కో రకం.

మంగళ, బుధవారాల్లో లెక్కలు చూడమనండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. చింతపిక్కలు లెక్కపెట్టడం, చీపురు పుల్లలు పదేసి రబ్బరుతో కట్టలు కట్టడం, నేల మీద గళ్లు గీసి అంకెలు వేసి తొక్కుడుబిళ్ల ఆడించడం ఉంటాయి. బయట నుంచి చూసేవారికి ఆటలాగే ఉంటుంది. అందులో పని ఎక్కడుందో చూడండి. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. తెలుగులో 'పద్నాలుగు' అంటే ముందు పది వినిపిస్తుంది, తరువాత నాలుగు. రాసేటప్పుడూ అదే వరుస. ఇంగ్లిషులో 'ఫోర్టీన్' అంటే నాలుగే ముందు వినిపిస్తుంది. విన్నది విన్నట్టు పిల్లవాడు 41 వేస్తాడు. పైగా 'ఫోర్టీన్', 'ఫార్టీ' ఆ చెవులకు దాదాపు ఒక్కటే. ఎర్ర సిరాతో కొట్టేసే టీచరుకు అది తప్పుగానే కనిపిస్తుంది. తెలిసిన టీచరు ఒక కట్ట, నాలుగు విడి పుల్లలు చేతికిచ్చి, 'ఇప్పుడు చూసి రాయి' అంటుంది. డైట్‌లో రెండేళ్లు నేర్చుకోవలసింది ఈ చూపునే. అన్ని కళాశాలలూ దాన్ని నేర్పుతాయని నేను హామీ ఇవ్వను.

మధ్యాహ్న భోజనం వేళ అమ్మాయి లేచి వెళ్లకూడదు. ఉడికించిన గుడ్డు పెంకు వొలవలేని పిల్లవాడికి పెన్సిలు పట్టు కూడా సరిగా కుదిరి ఉండదు, గమనించమనండి. బంకమట్టి పిసికించడం, ఇసుకలో వేలితో రాయించడం ఆ వేళ్లకు బలం రావడానికే.

గురువారం ఆకులనో గింజలనో ఏరించి రకాలుగా వేరుచేయిస్తారు. శుక్రవారం కథ చెబుతూ మధ్యలో ఆపి, 'తరువాత ఏమవుతుంది?' అని అడుగుతారు. శనివారం పాటలు, బొమ్మలు. ఈ మూడు రోజులూ సరదాగానే గడిచిపోతాయి. కాకపోతే ఒక మాట. చాలా పల్లె బడుల్లో ఒకరో ఇద్దరో టీచర్లే ఐదు తరగతులూ చూస్తారు. మీ ఊళ్లోనూ అదే పరిస్థితి అయితే, నేను చెప్పినవాటిలో సగం కనిపించకపోవచ్చు. ఒకటో తరగతికి పుల్లలు ఇచ్చి, మూడో తరగతికి లెక్క చెబుతున్న ఆ టీచరు అవస్థ కూడా చూడాలి. రేపు ఉద్యోగం అక్కడే.

ఇక కాగితాల సంగతి. 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బీఎడ్ చేసినవారికీ ప్రాథమిక తరగతులు చెప్పే అర్హత ఇచ్చింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది. దాంతో ఎస్జీటీ పోస్టుకు, డైట్‌లో చదివే డీఎడ్ ఇప్పుడు చాలా విలువైంది. రెండేళ్ల డీఎడ్ తరువాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పేపర్–1 రాయాలి. 150 మార్కులు. అందులో శిశు వికాసం, బోధన పద్ధతులకే 30. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే అర్హత. ప్రభుత్వ టీచరు పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో ఎస్జీటీకి రాతపరీక్ష 80 మార్కులు, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ.

మీవారు అడగని ప్రశ్న ఒకటి నేనే అడుగుతాను. డీఎస్సీ ఎప్పుడు వస్తుంది? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఇచ్చారు, వాటిలో ఎస్జీటీలు ఆరు వేలకు పైనే. వినడానికి బాగుంటుంది. దానికి ముందు డీఎస్సీ జరిగింది 2018లో. ఆ మధ్య ఏడేళ్లు ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తూ గైడ్లు ముందేసుకుని కూర్చున్న పిల్లలు ఎందరో నా దగ్గరికి వచ్చారు. కాబట్టి డీఎడ్‌తో ఆగకూడదు. అది అవగానే దూరవిద్యలోనైనా గణితంతో డిగ్రీ, ఆ తరువాత బీఎడ్ చేయాలి. అప్పుడు పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకూ పోటీపడవచ్చు, ఎస్జీటీ అయితే పదోన్నతికీ పనికొస్తుంది. డిగ్రీ చదివించే ఓపిక ఇంట్లో లేకపోతే మాత్రం ఈ దారి వద్దంటాను.

వారం అయ్యాక ఆ నోటుపుస్తకం తీసుకుని ముగ్గురూ రండి. అందులో పిల్లల పేర్లు, వాళ్ల మాటలు, తడబాట్లు ఉంటే ఒక విధంగా మాట్లాడుకుందాం. 'పిల్లలు ముద్దుగా ఉన్నారు' అని మాత్రమే ఉంటే, ఇంజినీరింగు ఫీజుల గురించి మాట్లాడుకుందాం.

మీవారికి గురువారం తోటలో పని లేకపోతే, టీచరును అడిగి ఆయననూ ఒక గంట పంపండి. తోతాపురి, నీలం, బేనీషా కొమ్మలు ఒక్కోటి పట్టుకుని వెళ్లమనండి. ఆకు చూసి ఏది ఏ చెట్టుదో ఎలా చెప్పగలుగుతారో ఆరేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా ఆయననే చెప్పమనండి. ఆ గంటలో ఏం జరిగిందో అమ్మాయి నోటుపుస్తకంలో రాయాలి.