తీపి నోట పెట్టకపోయినా తిన్నాక షుగర్ 200 దాటుతోంది, ఎందుకు?

స్వీట్లు మానేసి ఏడాదైందన్నారు. మంచిదే. మరి కంచంలో అన్నం ఎంతో రాయలేదేం?

మాది కావలి. నాయనకి షుగరని తేలిన రోజే ఇంట్లో పంచదార డబ్బా అటకెక్కింది. సంక్రాంతికి అరిసె ముక్క కూడా ముట్టలేదు. కానీ చేపల పులుసు వండితే మాత్రం ఆయన్ని ఆపేవాళ్లు లేరు. రాత్రి కాచిన పులుసు, మామిడికాయ ముక్క బాగా ఊరి ఉంటుంది. మొలగొలుకుల అన్నం గుట్టగా పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి పోయించుకుంటాడు. పులుసు మిగిలిందని అన్నం, అన్నం మిగిలిందని పులుసు. పెరుగన్నం మళ్లీ వేరే.

ఒక ఆదివారం కొత్త మీటర్ తెచ్చి, తిన్న రెండు గంటలకి వేలు పొడిచాను. 286. "మిషన్ చెడిపోయిందిరా, నేను తీపి తిన్లేదే!" అన్నాడు. వేలికి తీపి అంటుకున్నా నంబర్ తప్పొస్తుంది కదా అని, సబ్బుతో చేతులు కడిగించి ఇంకో వేలు చూశా. 279.

పై ఆదివారం అదే పులుసు. ముందు గిన్నెడు బీరకాయ కూర, తర్వాత రెండే గరిటెల అన్నం, చివర్లో నా పంతం కొద్దీ సగం మలై కాజా. 188! "అయితే రోజూ కాజా తినొచ్చన్నమాట" అన్నాడు నాయన. నేనెందుకు పెట్టానా అనిపించింది.

తీపి నాలుకకి తెలిసే సంగతి. అన్నంలో పిండి రుచికి చప్పనే గానీ, అరిగితే అంతా గ్లూకోజే. పంచదారలో సగమే గ్లూకోజ్, మిగతా సగం ఫ్రక్టోజ్. అలాగని పంచదార మంచిదనుకోకండి, అన్నం మీద అది కూడా పడితే ఇంకా పెరుగుతుంది.

అన్నట్టు, హైవే మీద 'షుగర్ ఉన్నవాళ్లకి బెల్లం టీ' అనే బోర్డులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బెల్లంలో ఎక్కువ భాగం ఉన్నది ఆ పంచదారే కదయ్యా! మా ల్యాబ్ అతను ఇంకో రకం. ఆయన భోజనానికి వెళ్లాలని, మనల్ని తిన్న గంటకే రమ్మంటాడు. మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టాలి, ఎవరేం చెప్పినా.

ఇప్పుడు నాయనకి రెండు గరిటెలే, తిన్నాక వీధి చివరిదాకా నడక. మొన్న 172. మీరూ ఒక వారం గరిటెలు లెక్కేసి, ఆ నంబర్లు డాక్టర్‌కి చూపించండి. మందులు మాత్రం ఆయన్ని అడక్కుండా మార్చకండి.