సీటీ, ఎమ్మారై అయ్యాక ఆపరేషన్‌లో మళ్లీ అల్ట్రాసౌండ్ ఎందుకు?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. పోయిన ఏడాది పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. తర్వాత లివర్‌లో మూడు గడ్డలు కనిపించాయి. కీమో ఇచ్చాక అందులో ఒకటి స్కాన్‌లో కనపడట్లేదన్నారు. వచ్చే వారం లివర్ ఆపరేషన్. ‘పొట్ట తెరిచాక అల్ట్రాసౌండ్ చేసి, ఎంత తీయాలో అప్పుడు ఖాయం చేస్తాం’ అన్నారు డాక్టర్. ఇన్ని స్కాన్లు తీశాక కూడా తేలకపోవడమేంటని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఆ మాట విని భయపడకండి. ఆపరేషన్ ప్లాన్ ఇప్పటికే అయిపోయి ఉంటుంది. కత్తి పెట్టే ముందు దాన్ని ఇంకోసారి సరిచూసుకుంటామని మీ డాక్టర్ ముందే చెప్పారు. నిజానికి అలా చూడకుండా లివర్ కోస్తామంటేనే నేను కంగారుపడతాను.

లివర్ పైకి నున్నగా, ఒకే ముద్దలా ఉంటుంది. లోపల రక్తనాళాల కొమ్మలను బట్టి ఎనిమిది భాగాలుగా లెక్క. కానీ ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో పైన గీత ఉండదు. మామూలు అల్ట్రాసౌండ్‌కి చర్మం, కొవ్వు, పక్కటెముకలు, పేగుల్లో గాలి అడ్డం. ఆపరేషన్‌లో అవేవీ ఉండవు. వేళ్ల మధ్య ఇమిడే చిన్న ప్రోబ్‌కి (స్కాన్ తీసే పరికరం) స్టెరైల్ కవర్ తొడిగి, సెలైన్‌తో తడిపి, నేరుగా లివర్ మీదే జరుపుతాం. కొద్ది మిల్లీమీటర్ల గడ్డలూ బయటపడతాయి.

తెర మీద రక్తనాళాలు నల్లటి కాలువల్లా కనిపిస్తాయి. పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిర గోడలు తెల్లగా మెరుస్తాయి, లివర్ నుంచి రక్తం బయటికి తీసుకెళ్లే హెపాటిక్ సిరలకు ఆ తెల్ల అంచు దాదాపుగా ఉండదు. అలా ఏది ఏదో పోల్చుకుని, గడ్డకీ సిరకీ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తాం. ఎడం ఉంటే సిరను కాపాడుకుని చిన్న ముక్కతో సరిపెట్టవచ్చు. గడ్డ సిరను అంటుకుని ఉంటే ఆ సిర మీద ఆధారపడ్డ భాగం కూడా తీయాల్సి రావచ్చు. అది తేలాక కాటరీతో (కరెంటు వేడితో కాల్చే పరికరం) లివర్ మీద గీత పెట్టుకుంటాం. కోస్తూ మధ్య మధ్యలో మళ్లీ ప్రోబ్ పెట్టి దారి తప్పలేదని చూసుకుంటాం.

ఈ పద్ధతికి బాట వేసినవాళ్లలో జపాన్ సర్జన్ మసతోషి మకూచి ముఖ్యులు. సిరోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడిపోవడం) ఉన్నవాళ్లు సగం లివర్ తీసేస్తే తట్టుకోలేరు. అందుకని ఆయన అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, గడ్డ ఉన్న భాగానికి వెళ్లే పోర్టల్ కొమ్మలోకి రంగు ఎక్కించారు. ఆ భాగం ఒక్కటే నీలంగా మారుతుంది, అంతవరకే కోస్తారు. 1980ల నాటి ఆ ఆలోచన ఇప్పటికీ నాకు అబ్బురమే.

దీనికీ హద్దులున్నాయి. కీమో వల్ల లివర్‌కి కొవ్వు పడితే చిన్న గడ్డలు పోల్చుకోవడం కష్టం. ప్రోబ్‌కి మరీ దగ్గరగా, లివర్ పైపొరలో ఉన్నవి తప్పిపోవచ్చు. అందుకే చేత్తో తడిమి చూడటం మేం మానలేదు.

ఇక మీవారి విషయం. ఆపరేషన్‌లో కొత్త గడ్డ కనిపిస్తే ఇంకాస్త ఎక్కువ తీయవచ్చు, లేదా దాన్ని వేడితో మాడ్చేయవచ్చు. అరుదుగా, గడ్డలు మరీ ఎక్కువగా ఉంటే తీయకుండానే మూసేయాల్సి వస్తుంది. ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. కానీ సంతకం పెట్టేముందే మీకు తెలియాలి. ‘ఎక్కువ కనిపిస్తే ఏం చేస్తారు? మిగిలే లివర్ ఎంత?’ అని డాక్టర్‌ని మొహమాటపడకుండా అడగండి. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో కనీసం 20-25 శాతం మిగలాలి. కీమో బాగా పడ్డవాళ్లకు కనీసం 30 శాతం ఉంచుతాం.

ఇంకో పని ఉంది, అది మీ చేతిలోదే. కీమో మొదలుపెట్టక ముందు తీసిన స్కాన్ సీడీ వెతికి డాక్టర్‌కి ఇవ్వండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. కనపడకుండా పోయిన మూడో గడ్డ చోట క్యాన్సర్ కణాలు ఇంకా బతికి ఉండే అవకాశం ఉంది. అదెక్కడుండేదో ఆ పాత బొమ్మల్లో చూసుకుంటేనే, ప్రోబ్‌తో సరిగ్గా అక్కడ వెతకగలుగుతారు.