నీట్‌లో 400, అందులో ఫిజిక్స్ 41: మా అమ్మాయికి సీటు వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం, బీసీ-డీ. అమ్మాయికి పదో తరగతిలో 9.7 జీపీఏ. తొమ్మిది నుంచి ఇంటర్ బైపీసీ దాకా ఇక్కడే చదివింది. ఫిజిక్స్‌లో మొదటి ఏడాది 60కి 31 వస్తే, రెండో ఏడాది 48 వచ్చాయి. నీట్ 2025లో బయాలజీ 284, కెమిస్ట్రీ 75, ఫిజిక్స్ 41, మొత్తం 400. నెగటివ్ మార్కులే ముంచాయనుకుంటున్నాం, ఓఎంఆర్ (జవాబు పత్రం) కూడా పంపుతున్నాను. మార్కులు ఇలా ఎగుడుదిగుడుగా ఉంటే ఎంబీబీఎస్ మీద ఆశ పెట్టుకోవచ్చా? లాంగ్‌టర్మ్‌లో (మళ్ళీ నీట్ రాయడానికి ఏడాది కోచింగ్) చేర్చాలా, మెడిసిన్‌కు జార్జియా దేశం పంపాలా? కన్సల్టెన్సీవాళ్ళు ఈ వారమే అడ్వాన్సు కట్టమంటున్నారు. మా తమ్ముడి కొడుక్కి మొదటిసారే సీటొచ్చింది. ఫలితాలు వచ్చినప్పటి నుంచీ అమ్మాయి గది తలుపేసుకుని కూర్చుంటోంది.

జవాబు: ముందు ఆ అడ్వాన్సు ఆపండి. విదేశాల్లో మెడిసిన్ చదవడానికి నీట్ అర్హత ఫలితం వచ్చిన రోజు నుంచి మూడేళ్ళు చెల్లుతుంది. అంటే అమ్మాయి 2025 స్కోరు 2028 జూన్ దాకా పనికొస్తుంది. ఈ వారం కట్టకపోతే ఆమె పోగొట్టుకునేది ఏమీ లేదు. ఒక ఏడాది ఇక్కడే ప్రయత్నించి, కుదరకపోతే అప్పుడైనా వెళ్ళొచ్చు.

ఇంటర్ మార్కుల దిగులు వదిలేయండి. నీట్ ర్యాంకులో వాటికి వెయిటేజీ లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిషు పాసై ఉండాలి, ఆమె పాసైంది. మొదటి ఏడాది 31 ఎందుకొచ్చిందని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు. ఆ 31 నుంచి 48కి ఎదిగింది చూడండి, నాకు అదే ఎక్కువ నమ్మకం కలిగిస్తోంది.

ఇక అవకాశం ఎంతన్నది. మార్కులతో లెక్కేస్తే ఎప్పుడూ తప్పుతుంది. 2024లో 650 తెచ్చుకున్నవాళ్ళ ర్యాంకు పాతికవేలు దాటింది. 2025లో ఫిజిక్స్ పేపరు కఠినంగా వచ్చింది, 650 దాటినవాళ్ళు దేశం మొత్తం మీద 73 మందే. కాబట్టి ‘పోయినేడు ఇన్ని మార్కులకు సీటొచ్చింది’ అనే మాట పట్టించుకోకండి. ర్యాంకు చూడండి. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ విడతలవారీగా అలాట్‌మెంట్ జాబితాలు ఇస్తుంది. గతేడాది చివరి విడత జాబితా తీసి, కన్వీనర్ కోటాలో (ర్యాంకు, రిజర్వేషన్ ప్రకారం ఇచ్చే సీట్లు) బీసీ-డీ కింద ఆఖరి సీటు ఏ నీట్ ర్యాంకుకు వెళ్ళిందో, అమ్మాయిల విషయంలో ఎక్కడ ఆగిందో రాసుకోండి. మొదటి విడత చూసి నీరుగారిపోవద్దు, చివరికొచ్చేసరికి ర్యాంకు చాలా కిందికి దిగుతుంది. మీ అమ్మాయి ర్యాంకు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. దూరంగా ఉన్నా ఈ ఏడాది కౌన్సెలింగ్‌కు రిజిస్టర్ మాత్రం చేయించండి.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వద్దాం. మీరు పంపిన ఓఎంఆర్‌ను కీతో సరిపోలిస్తే ఇదీ లెక్క: ఫిజిక్స్‌లో 16 ఒప్పులు, 23 తప్పులు, 6 వదిలేసినవి. కెమిస్ట్రీలో 22 ఒప్పులు, 13 తప్పులు, 10 వదిలేసినవి. నెగటివ్ మార్కులు ముంచాయని మీరనుకుంటున్నారు. కొంత నిజమే, కానీ ఆ 23 ప్రశ్నల విలువ 23 మార్కులు కాదు. తప్పు ఒకటి ఒప్పయితే పోయిన 1 తిరిగొచ్చి 4 కలుస్తాయి, అంటే 5 మార్కుల తేడా. ఫిజిక్స్‌లో 12 తప్పులు సరిచేసుకుంటే 60 వస్తాయి. కెమిస్ట్రీలో వదిలేసిన వాటిలో 8 రాయగలిగితే 32, తప్పుల్లో 5 సరైతే 25. బయాలజీని ముట్టుకోకుండానే 517 అవుతుంది. మూడు సబ్జెక్టుల్లోనూ సమానంగా నీరసంగా ఉండి 400 తెచ్చుకున్న పిల్లకు ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. మీ అమ్మాయికి తెలుసు. పైగా ఇద్దరికి సమాన మార్కులొస్తే ముందు చూసేది బయాలజీ మార్కులే.

అయితే ఆ తప్పులు సరయ్యే రకమా కాదా అన్నది లాంగ్‌టర్మ్ ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. 2023, 2024 నీట్ ఫిజిక్స్ ప్రశ్నలు టైము పెట్టకుండా చేయమనండి. పుస్తకం మాత్రం తెరవకూడదు. రాయాల్సిన 45లో 30 దాకా సరిగ్గా చేస్తే సమస్య వేగానిది, ఏడాదిలో కచ్చితంగా దారికొస్తుంది. 20 కూడా దాటకపోతే పునాదిలో లోటుంది. మన బైపీసీ పిల్లలకు పదో తరగతితో లెక్కలు ఆగిపోతాయి. ఫిజిక్స్‌కేమో వెక్టర్లు, త్రికోణమితి, లాగరిథమ్‌లు, కాస్త కలనం (కాలిక్యులస్) కావాలి. సూత్రం నోటికొచ్చినా ఘాతాంకాలు తీసివేసేటప్పుడు, యూనిట్లు మార్చేటప్పుడు దెబ్బతింటారు. అలాంటి పిల్లను నేరుగా లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో కూర్చోబెడితే అదే పాఠం మరోసారి అర్థంకాకుండా వింటుంది. ముందు ఆరువారాలు లెక్కలు మాత్రమే చెప్పించండి, రోజూ రెండు గంటలు.

లాంగ్‌టర్మ్ ఒక్క ఏడాదే. డిసెంబరు చివరికి గ్రాండ్ టెస్టుల్లో ఫిజిక్స్ 90 దగ్గర నిలబడకపోతే ఆశలు తగ్గించుకుని అగ్రికల్చర్, బీఫార్మసీ కోసం ఎప్‌సెట్‌కు కూడా సిద్ధం చేయండి. బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీహెచ్ఎంఎస్‌కు (హోమియో) ఎలాగూ ఇదే నీట్ ర్యాంకు. మీకు విజయవాడ దగ్గర కాబట్టి అక్కడ చేర్చినా తెలంగాణ లోకల్ (స్థానిక విద్యార్థి) హోదా పోదు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ ఇక్కడే చదివింది కదా. కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంటర్‌కు విజయవాడ పంపే ముందు ఆ నాలుగేళ్ళ నిబంధన గుర్తుపెట్టుకోండి.

జార్జియా గురించి నాకు చాలా సందేహాలున్నాయి. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, పూర్తిగా ఇంగ్లిషులో ఉండాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి, అక్కడ ప్రాక్టీసు చేసుకునే లైసెన్సు ఇప్పించే డిగ్రీ అయి ఉండాలి. ఇది 2021 నాటి జాతీయ మెడికల్ కమిషన్ నిబంధన. ఫిలిప్పీన్స్ వెళ్ళిన మన పిల్లలు ఎంతోమంది ఆ 54 నెలల దగ్గరే చిక్కుకున్నారు. తిరిగొచ్చాక, విదేశాల్లో చదివినవాళ్ళు ఇక్కడ డాక్టరుగా పనిచేయడానికి పాసవ్వాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష: 300 ప్రశ్నలు, 150 రావాలి. ఇటీవలి ఏళ్ళలో జరిగిన చాలా విడతల్లో, పరీక్ష రాసినవాళ్ళలో మూడోవంతు కూడా గట్టెక్కలేదు. అది దాటాక ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. అన్నీ సవ్యంగా జరిగినా ఏడేళ్ళ పైమాటే. ఇంకొకటి ఎవరూ చెప్పరు. పాఠం ఇంగ్లిషులో ఉన్నా వార్డులో రోగి జార్జియన్‌లోనే మాట్లాడతాడు. ‘నొప్పి ఎప్పటి నుంచి’ అని అడగలేని విద్యార్థి మూడో ఏడాది నుంచి మంచం పక్కన నిలబడి నేర్చుకునేది తక్కువ. ప్యాకేజీలో ఏమేం కలిశాయో, ఆరేళ్ళకూ ఫీజు డాలర్లలో ఎంతో, గత మూడు బ్యాచ్‌ల్లో ఎఫ్ఎంజీఈ ఎందరు రాసి ఎందరు పాసయ్యారో కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే అటువైపు వెళ్ళకండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ఉత్తరంలో తమ్ముడి కొడుకు ఉన్నాడు, కన్సల్టెన్సీ ఉంది, అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. 73 బయాలజీ ప్రశ్నలు సరిగ్గా చేసిన పిల్ల తలుపేసుకుంటోందంటే అది చదువురాక కాదు, బయట వినబడే పోలికలు భరించలేక. భోజనాల దగ్గర ఆ అబ్బాయి పేరు ఎత్తడం ఈరోజే మానేయండి. ఆమె పక్కన కూర్చుని, ఇంకో ఏడాది రాయాలని నీకుందా అని అడగండి. వద్దంటే లాంగ్‌టర్మ్ మాట కూడా వద్దు. ఉందంటే ఈ ఆదివారమే ఆ 2023 ఫిజిక్స్ పేపరు ముందు పెట్టండి. మీరు వాచీ చూడొద్దు. అయ్యాక తప్పులన్నీ మూడు కుప్పలుగా ఆమెనే విడదీయమనండి: పాఠం తెలియనివి, తెలిసీ లెక్క తప్పినవి, ప్రశ్న సరిగ్గా చదవనివి. ఏ కుప్పలో ఎన్ని ఉన్నాయో రాసి పంపితే ఏ నెలలో ఏ పాఠాలు చదవాలో చెప్తాను.