తాజా స్మియర్‌లో చచ్చిన కణాలు ఎందుకు కనిపించవు?

రోజూ మన ఒంట్లో కోట్ల కొద్దీ కణాలు చచ్చిపోతాయి కదా, ఆ చెత్తంతా ఏమవుతుంది, ఏ కణం చచ్చిపోతోందో ఎలా తెలుస్తుంది అని అడిగారు. నేను గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సగం జవాబు మాకు మైక్రోస్కోపులోనే దొరుకుతుంది.

అప్పుడే తీసిన రక్తంతో స్మియర్ వేస్తే, అంటే గాజు పలక మీద పల్చగా పరిస్తే, న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం కేంద్రకం మూడు నాలుగు లోబులుగా (ముక్కలుగా), మధ్యలో సన్నటి పోగులతో కనిపిస్తుంది. అదే మే ఎండల్లో మాచర్ల నుంచో వినుకొండ నుంచో బస్సులో వచ్చిన శాంపిల్ చూడండి. ఊదా మూత ట్యూబులో గంటల తరబడి ఉండిపోయాక కొన్ని కణాల్లో లోబులు పోయి, నల్లపూసల్లాంటి గుండ్రటి ముద్దలు మిగులుతాయి. అవి చచ్చిపోతున్న కణాలు. (మళ్లీ శాంపిల్ ఇవ్వమని మేం అడిగేది ఇందుకే, డబ్బుల కోసం కాదు!) న్యూట్రోఫిల్‌కి అసలే ఆయుష్షు తక్కువ, ఒంట్లోనూ ఇలా చస్తూనే ఉంటాయి. కానీ అక్కడ ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలో ఉండే మాక్రోఫేజ్‌లు అనే చెత్త మింగే కణాలు వాటిని వెంటనే మింగేస్తాయి. ట్యూబులో మింగేవాళ్లు లేరు.

ఇక గుర్తుపట్టడం. ఫాస్ఫటైడిల్ సెరీన్ అనే కొవ్వు, బతికున్న కణంలో పైపొరకు లోపలి వైపే ఉంటుంది. బయటికి జారినా ఫ్లిప్పేజ్ అనే ప్రోటీన్ లోపలికి లాగేస్తుంది. కణం చావుకి సిద్ధమైనప్పుడు కాస్పేజ్ ఎంజైములు ఆ ఫ్లిప్పేజ్‌ని కత్తిరించేసి, లోపలిదాన్నీ బయటిదాన్నీ కలగలిపేసే ఎక్స్‌కేఆర్8 అనే ప్రోటీన్‌ని పనిలోకి దింపుతాయి. దాంతో కొవ్వు బయటపడుతుంది. మాక్రోఫేజ్ మీది టిమ్-4 లాంటి రిసెప్టర్లు (పట్టుకునే ప్రోటీన్లు) దాన్ని పట్టుకుంటాయి. దూరంగా ఉన్న మాక్రోఫేజ్‌కి దారి చూపించేవి చచ్చే కణం వదిలే ఏటీపీ లాంటి అణువులు. బతికున్న కణం మీద మాత్రం సీడీ47 అనే ప్రోటీన్ ఉంటుంది, నా జోలికి రావద్దని చెప్పడానికి. కొన్ని క్యాన్సర్ కణాలు దీన్నే ఎక్కువగా పెట్టుకుని తప్పించుకుంటాయి, ఎంత తెలివో!

సకాలంలో మింగకపోతే కణం పగిలి లోపలి డీఎన్ఏ బయట పడుతుంది. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదే దాడి చేసే జబ్బు) రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటని భావిస్తారు. అలాగని ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల అనుమానం ఉంటే చేసే రక్తపరీక్ష) పాజిటివ్ రాగానే టెన్షన్ పడకండి, ఆరోగ్యంగా ఉన్న కొందరిలోనూ వస్తుంది.

చెత్త ఏమవుతుందంటారా, దెబ్బ తగిలి కమిలిన చోటు చూసుకోండి. అక్కడ కారిన ఎర్రకణాలను మాక్రోఫేజ్‌లు మింగి అరిగిస్తుంటే బిలివర్డిన్ అనే రంగు పదార్థం వల్ల ఆకుపచ్చగా, తర్వాత దాన్నుంచి వచ్చే బిలిరుబిన్ వల్ల పసుపుగా మారుతుంది. బిలిరుబిన్ కాలేయం ద్వారా పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది. ఇనుమును మాత్రం ఒళ్లు వదులుకోదు, కొత్త ఎర్రకణాల తయారీకి మజ్జకు పంపేస్తుంది.